ముందు మీవారు చెల్లెలి గడప తొక్కాలి

ప్రశ్న: మాది గోదావరి జిల్లా. మావారు జపాన్ వారు. అమెరికాలో చదువుకునే రోజుల్లో పరిచయమై, రెండువైపుల పెద్దలూ ఒప్పుకున్నాకే పెళ్ళి చేసుకున్నాం. పద్దెనిమిదేళ్ళు కాలిఫోర్నియాలో ఉన్నాం. మా అత్తగారు పడి తుంటి ఎముక విరిగాక, పెద్దకొడుకుగా తనే చూసుకోవాలని మావారు పట్టుబట్టారు. నిరుడు మార్చిలో నీగాతా వైపు ఒక చిన్న ఊళ్ళో ఉన్న వాళ్ళ ఇంటికి వచ్చేశాం. ఆయనది పాత ఉద్యోగమే, ఇంటినుంచి చేస్తారు. అర్ధరాత్రి మీటింగులు, పొద్దెక్కేదాకా నిద్ర. మా ఆడపడుచు అదే వీధిలో ఉంటుంది. మావారికి చెల్లెలే అయినా నాకంటే పెద్దది. మామగారు మంచాన పడ్డప్పటినుంచీ, అంటే తొమ్మిదేళ్ళుగా అన్నీ ఆవిడే చూసింది. మామగారు పోయినప్పుడు మావారు నాలుగు రోజులుండి వెళ్ళిపోయారు. అత్తగారి ఆపరేషన్‌కి ఆవిడ సూపర్‌మార్కెట్ ఉద్యోగంలో సెలవులన్నీ అయిపోయాయట. ఇల్లు మాత్రం పెద్దకొడుకుదేనని అత్తగారు అంటుంటారు. ఇప్పటికీ ఆడపడుచు రోజూ ఏడింటికల్లా వస్తుంది. చలికాలంలో మా వాకిట్లో మంచు కూడా తనే తీసింది. ఒకరోజు నేను కట్టిపెట్టిన చెత్తసంచి విప్పి, పెరుగు డబ్బా బయటికి తీసి, కడిగి, తుడిచి, వేరే సంచిలో వేసి, మళ్ళీ ముడేసి వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నా ఒక్క మాట అనలేదు. ఆ అవమానం మరచిపోలేకపోతున్నాను. మా పాప ఐదో తరగతి. ఇంగ్లిషు క్లాసులో తను పలికే తీరుకి పిల్లలు నవ్వుతున్నారని కావాలనే తప్పుగా పలుకుతోందట. పాపను తీసుకుని టోక్యోలో మనవాళ్ళు ఉండే నిషి కసాయికి వెళ్ళి ఇండియన్ స్కూల్లో చేర్పించనా? ఈ ఆడపడుచుతో ఎలా నెగ్గుకురావాలి?

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి ముందు సూటిగా చెప్పేస్తాను. టోక్యో వెళ్ళకండి. నిషి కసాయిలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇండియన్ స్కూలుంది, కందిపప్పు దగ్గర్నుంచి అన్నీ దొరుకుతాయి. నిజమే. కానీ మంచం దిగడానికి మనిషి సాయం కావాల్సిన అత్తగారిని, రాత్రీ పగలూ తెలియని ఉద్యోగం చేస్తున్న భర్తను వదిలేసి, బుల్లెట్ రైల్లో రెండు గంటల దూరాన వేరు కాపురం పెడితే అది పాప చదువు కోసమని ఎవరూ నమ్మరు. కొన్నాళ్ళు పోతే మీరూ నమ్మలేరు. ఇక ఆడపడుచుతో నెగ్గుకురావడం గురించి. మీ ఉత్తరం రెండోసారి చదివాక నాకు అర్థమైంది, ఆవిడకీ మీకూ అసలు తగువే లేదు. తగువు ఆ అన్నాచెల్లెళ్ళ మధ్య ఉంది. మధ్యలో మిమ్మల్ని నిలబెట్టారు.

ఆ పెరుగు డబ్బా సంగతే చూడండి. అక్కడ తగలబెట్టే చెత్త ఒకరోజు, ప్లాస్టిక్ ఇంకోరోజు, పొద్దున ఎనిమిదిలోపు వీధిలో అందరూ పెట్టేచోట పెట్టాలి. తేడా వస్తే బండివాళ్ళు సంచి మీద ఓ చీటీ అంటించి అక్కడే వదిలేసి పోతారు. అది ఎవరిదో వీధి మొత్తానికి తెలిసిపోతుంది. ఆ దేశపు చట్టం ప్రకారం, ఇద్దరూ అక్కడివాళ్ళే అయితే, మొగుడూ పెళ్ళాలకు ఒకే ఇంటిపేరు ఉండాలి, దాదాపు అందరు ఆడవాళ్ళూ భర్త ఇంటిపేరుకే మారతారు. మీ ఆడపడుచూ మారే ఉంటుంది. అంటే ఆ సంచి అక్కడ మిగిలిపోతే పోయే పేరు ఇప్పుడు మీది, ఆవిడది కాదు. అయినా చలిలో నిలబడి డబ్బా కడిగింది. పుట్టింటి పరువు కోసం ఆడపిల్ల పడే తాపత్రయం మీకు నేను చెప్పాలా? నోరు తెరిచి చెప్పకుండా చేయడం తప్పే, మీకు మనసు కష్టపడటం న్యాయమే. కానీ ఆవిడ మాట్లాడాల్సిన మనిషి ఆ వేళకి పై గదిలో నిద్రపోతున్నాడు.

తొమ్మిదేళ్ళంటే ఏమిటో ఒకసారి లెక్కేసుకోండి. 2000లో అక్కడ వృద్ధుల సంరక్షణకు బీమా పద్ధతి తెచ్చారు. అది ఉన్న మాట నిజమే గాని దానంతట అది ఇంటికి నడిచిరాదు. మునిసిపాలిటీలో దరఖాస్తు పెట్టాలి. వాళ్ళు వచ్చి ముసలావిడ లేవగలదా, స్నానం చేయగలదా, ఇప్పుడు ఏ కాలమో చెప్పగలదా అని చూసి ఏ స్థాయి సాయం కావాలో తేలుస్తారు. సాయం స్థాయిలు రెండు, సంరక్షణ స్థాయిలు ఐదు. ఏ స్థాయి ఇస్తే దాన్నిబట్టి సాయం ఎంతో. తర్వాత ఏ సాయం ఎప్పుడు అందాలో ఏర్పాటు చేసే కేర్ మేనేజర్ వస్తారు. పెద్దవాళ్ళను పగటిపూట సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్ళే డే సర్వీస్ వ్యాన్ ఏ రోజుల్లో రావాలి, స్నానానికి ఎవరు సాయం చేయాలి, గోడకు పట్టుకునే కడ్డీ ఎక్కడ బిగించాలి, ఇవన్నీ కూర్చుని మాట్లాడాలి. పరిస్థితి మారితే మళ్ళీ మొదటినుంచి. ఆ ఫోన్లన్నీ ఎవరికి వచ్చాయి? ఆ కాగితాలమీద కుటుంబం తరఫున ఎవరి పేరుంది? ఇంట్లో మనిషిని చూసుకోవడానికి అక్కడి చట్టం ఉద్యోగికి ఒక్కొక్కరి కోసం మొత్తం 93 రోజుల సెలవిస్తుంది, మూడు విడతలుగా వాడుకోవచ్చు. ఆవిడ సెలవులన్నీ అయిపోయాయని మీరే రాశారు. అన్నయ్య విమానం దిగే నాటికే ఆవిడకి ఆ సెలవుల్లో మిగిలింది సున్నా.

మంచు సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నేను దాటలేకపోయాను. నీగాతా వైపు పడేది తడి మంచు, పారకెత్తితే నడుం విరుగుతుంది. తన వాకిలి తీసుకుని, మీ వాకిలీ తీసి, ఆపైన డ్యూటీకి వెళ్ళిందన్నమాట. లోపల ఒక అన్న ఉన్నాడు, దృఢంగా ఉన్నాడు, నిద్రపోతున్నాడు.

మామగారు పోయినప్పుడు మీవారు నాలుగు రోజులుండి వెళ్ళారు. మనకు పెద్దకర్మ ఎలాగో, వాళ్ళలో చాలామందికి నలభైతొమ్మిదో రోజు అలాగ. బంధువులంతా వచ్చి మంత్రాలు చదివించి, తరచుగా ఆ రోజునే అస్థికలు సమాధిలో ఉంచుతారు. పెద్దకొడుకు నిలబడాల్సిన చోట ఆ రోజు ఎవరు నిలబడ్డారు? సెలవు దొరకలేదని, టికెట్లు దొరకలేదని కారణాలుంటాయి. ఉండొచ్చు. కానీ ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెల్లెలి ఎదుట కూర్చుని ఆ మాట ఎత్తారా? ఎత్తలేదని మీ ఉత్తరమే చెబుతోంది. ఎత్తి ఉంటే ఆవిడ మీ చెత్తసంచి విప్పేది కాదు, మీకు తేనీరు పోసి, అక్కడి పద్ధతులు దగ్గర కూర్చుని నేర్పేది.

పెద్దకొడుకు బాధ్యత అంటే నాకు చాలా గౌరవం. అందుకే నిష్ఠూరంగా చెబుతున్నాను. బాధ్యత తీసుకోవడమంటే సామాను సర్దుకుని పెళ్ళాంపిల్లల్ని వెంటబెట్టుకుని రావడం కాదు. మీవారు అమెరికాలో ఎలా ఉన్నారో ఇక్కడా అలాగే ఉన్నారు, అదే ఉద్యోగం, అదే గడియారం. మారింది మీరు. అక్షరాలు సరిగ్గా చదవడం రాని ఊళ్ళో, ఆయన మోయాల్సిన పని మీ తలమీద పెట్టుకుని, ఆయన పడాల్సిన నిందా మీరే పడుతున్నారు. ఆయన తరఫున మీరు తల వంచకండి. ఆడపడుచు దగ్గరకెళ్ళి క్షమించమని అడగకండి, స్వీటు డబ్బాలు తీసుకెళ్ళి మంచి చేసుకోవాలని చూడకండి. మీరు చేయని అపరాధానికి మీరు దణ్ణం పెట్టడం నాకు ఇష్టంలేదు.

ఆయన వెళ్ళాలి. ఒంటరిగా, మీరు పక్కన లేకుండా, చెల్లెలి ఇంటికి. తండ్రి నలభైతొమ్మిదో రోజుకి రానందుకు చెప్పుకోవాల్సింది చెప్పుకోవాలి. తర్వాత అమ్మ కాగితాల ఫైలు అడిగి తీసుకోవాలి. కేర్ మేనేజర్ మామూలుగా నెలకోసారి ఇంటికి వస్తారు కదా, ఆ రోజు మీటింగు ఉన్నా లేకపోయినా ఆయన లేచి కూర్చోవాలి. ఫోన్ నంబరు తనది రాయించాలి. కంపెనీతో మాట్లాడి వారంలో రెండు మూడు రాత్రులైనా మీటింగులు లేకుండా చూసుకోవాలి. ఆ రోజుల్లో ఏడింటికి తలుపు తీసేది ఆయనే కావాలి, చెత్త పట్టుకెళ్ళేదీ ఆయనే కావాలి. వచ్చే చలికాలం పార ఆయన చేతిలో ఉండాలి. ఈ మాటలు మీరు ఆయనతో గట్టిగా అనండి. కోపం వస్తే రానివ్వండి.

ఇల్లు గురించి కూడా ఆయనే ముందుగా కదపాలి, చెల్లెలు అడిగేదాకా ఆగకూడదు. జపాన్‌లో ఆస్తంతా పెద్దకొడుక్కే అన్న చట్టం 1947లో పోయింది, పిల్లలందరికీ సమాన వాటా. మన తెలుగునేల మీద ఆడపిల్లకు పిత్రార్జితంలో వాటా 1986లో వచ్చింది, దేశమంతటికీ 2005లో. చట్టం వచ్చాక కూడా అమ్మానాన్నలు ‘ఇల్లు అబ్బాయిదే’ అంటూనే ఉంటారని, ఆడపిల్లలు నోరుమూసుకుని ఊరుకుంటారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. తొమ్మిదేళ్ళు చాకిరీ చేసిన మనిషి చెవిన ఆ మాట రోజూ పడుతుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎంత ఇస్తారన్నది ఆ ముగ్గురూ కూర్చుని తేల్చుకుంటారు. కానీ అత్తగారి ఎదుట ‘ఇందులో చెల్లెలికీ ఉంది’ అన్న మాట కొడుకు నోట రావాలి.

పాప గురించి మీరు ఎక్కువ భయపడుతున్నారు. విదేశాల్లో పెరిగి తిరిగొచ్చిన పిల్లలు అక్కడ కొత్తేమీ కాదు, వాళ్ళకు ప్రత్యేకంగా ఓ పేరే ఉంది. 2020 నుంచి ఐదు, ఆరు తరగతులకు ఇంగ్లిషు మార్కులు వేసే సబ్జెక్టయింది కాబట్టి అందరి ముందూ పైకి పలకాల్సి వస్తోంది, అందుకే ఈ నవ్వులు. టీచరుతో మాట్లాడండి, మీరూ ఆయనా ఇద్దరూ కలిసి వెళ్ళండి. పాప తెలివైనది, నలుగురిలో కలవడానికి తన ఇంగ్లిషును కాసేపు పక్కన పెట్టుకుంది. ఇంట్లో మాత్రం ఇంగ్లిషూ తెలుగూ ఆపకండి. నన్ను కాస్త కలవరపెట్టేది ఒక్కటే, అసలు సంగతి మింగేసి సర్దుకుపోవడం ఆ పిల్ల ఇంట్లో చూస్తూనే ఉంది.

మీ వంతు పని కొద్దిగానే ఉంది. వీధిలో ఇంటింటికీ తిరిగే సమాచారం అట్ట మీ ఇంటికి వచ్చినప్పుడు అర్థంకానిది ఆడపడుచునే అడగండి. ‘నాకిది చదవడం రాదు, చెప్పండి’ అనడంలో చిన్నతనం లేదు. మునిసిపాలిటీలో విదేశీయులకు జపనీస్ నేర్పే క్లాసులు ఉన్నాయేమో కనుక్కుని చేరండి. కానీ ఇవన్నీ మీవారు చెల్లెలి ఇంటికి వెళ్ళొచ్చాక. దానికి ముందు చేస్తే మళ్ళీ ఆయన పని మీరు చేసినట్టవుతుంది.

ఆగస్టు 13న, పోయిన పెద్దలను తలచుకునే ఓబోన్ పండుగ మొదలవుతుంది, మామగారి సమాధి కడగాలి, దీపాలు పెట్టాలి, వచ్చిన బంధువులకు భోజనం చూడాలి. ఇన్నేళ్ళూ అది ఆడపడుచు ఇంటి మనుషులే చేసి ఉంటారు. ఈసారి ఏది ఎవరు చేయాలో జూలైలోనే వెళ్ళి చెల్లెల్ని అడిగి రమ్మనండి. వెళ్ళారో లేదో నాకు రాయండి.