ఆ ఫోను ఎవరిదో ముందు అడుగు

చిరంజీవి బంగారుతల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఆసుపత్రిలో వచ్చే నెల నుంచి టెలిసైకియాట్రీ, అంటే వీడియోలో మానసిక వైద్యం, మొదలవుతుందనీ, అది రోగులకు ఎంతవరకు పనికొస్తోందో లెక్క తేల్చే బాధ్యత నీకే అప్పగించారనీ మీ అమ్మ నిన్న చెప్పింది. కాసేపు మాట రాలేదు నాకు. నా బల్ల కింద కూర్చుని పాత ఓపీ చీటీల వెనక బొమ్మలు గీసిన పిల్లవి నువ్వు. సంతోషం పట్టలేకపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవే అయినా ఒకసారి చెప్పనీ. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క ఫారం కూడా నింపించకు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ప్రింటు తీసి దగ్గర పెట్టుకో. మొదలవ్వకముందు కొన్ని నెలల ఓపీ వివరాలు ఇప్పుడే తీసిపెట్టు. అపాయింట్‌మెంటుకి ఎన్నాళ్లు ఆగారు, ఎంతమంది రెండోసారి వచ్చారు, దారి ఖర్చెంత, తోడు వచ్చినవాళ్లతో సహా ఎంత కూలి పోయింది అన్నవి. మొదలయ్యాక వెనక్కి వెళ్లి అడిగితే ఎవరికీ గుర్తుండదు.

వీడియోలో చూపించుకున్నవాళ్లనే లెక్కేస్తే అంతా బాగానే కనిపిస్తుంది. వద్దన్నవాళ్లు, మధ్యలో లైను కట్టయి మళ్లీ కలవనివాళ్లు, ఒకసారి వచ్చి మానేసినవాళ్లు, వీళ్లందరికీ నీ పట్టికలో చోటుండాలి. "బాగుందా అమ్మా?" అన్న ప్రశ్న వీడియో ముందు పక్కన కూర్చున్న సిస్టర్ చేత అడిగించకు. రేపు మళ్లీ ఆమె దగ్గరికే రావాలి కదా, బాగుందనక ఏమంటారు?

పీహెచ్‌క్యూ-9 వాడతావట. డిప్రెషన్ ఎంతుందో కొలిచే 9 ప్రశ్నలు, 27 మార్కులు, అంతవరకు తేలికే. తొమ్మిదోది చావు ఆలోచన గురించి. దానికి సున్నా తప్ప ఇంకేం వచ్చినా ఆ కాగితం ఆ పూటే డాక్టరు గారి చేతిలో ఉండాలి. డేటా ఎంట్రీ కోసం కట్టలో పడి ఉండకూడదు. ఏ రోజు ఎవరు చూస్తారో, ఆ మనిషి సెలవు పెడితే ఎవరో ముందే పేర్లు రాసిపెట్టు. ప్రభుత్వ మానసిక సహాయవాణి టెలీమానస్ నంబరు 14416 ఫారం మీద అచ్చు వేయించు. నంబరిచ్చాం కదా అని ఊరుకోకు. ఇందులో నువ్వు ఏమరుపాటుగా ఉన్నావని తెలిస్తే మాత్రం నేనే బస్సెక్కి వస్తాను.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి.

2009లో మేం క్యాంపుల్లో చూసినవాళ్లలో ఎంతమంది మందులు వాడుతున్నారో రాసే పని నాది. ఆరు నెలలకు సగం గడులు ఖాళీ. నింపి తీరాలని నాకే పట్టుదల. అప్పటికి ఇంటికో సెల్‌ఫోను వచ్చేసింది. రిజిస్టరు ముందేసుకుని వరసగా నంబర్లు కొట్టడం మొదలుపెట్టాను.

ఒక పిల్ల నంబరుకి చేస్తే మగగొంతు. ఆగాలన్న ఆలోచనే రాలేదు. "ఆసుపత్రి మానసిక విభాగం నుంచండీ, అమ్మాయి మందులు వేసుకుంటోందా?" అన్నాను. అటు మాట లేదు. ఎక్కడో కుక్కరు కూత వినిపించింది. తర్వాత "ఏం మందులు?" అన్నాడు. అప్పుడైనా పెట్టెయ్యాల్సింది. మందు పేరు కూడా చెప్పాను. కనుక్కుంటానన్నాడు. గడిలో టిక్కు పెట్టి తర్వాతి నంబరు కొట్టాను.

మూడు వారాల తర్వాత ఆ పిల్ల తల్లి వచ్చింది. "ఫోన్ చేసింది మీరేనామ్మా?" అంది. నేనే అన్నాను. తిట్టలేదు. కొంగు ముడి విప్పి, సగం వాడిన మాత్రల పట్టీ నా రిజిస్టరు మీద పెట్టింది. "పిల్లని మా ఇంట్లో దింపేసి పోయారు. మీ దగ్గరికి వచ్చేటప్పుడల్లా నన్ను చూసిపోవడానికి వచ్చినట్టు చెప్పేది" అంది. ఆ ఫోను మొగుడిది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. ఫారంలో "ఫోన్ నంబరు" అని గడి గీసింది నేను. అది నింపాలి గనక ఆ పిల్ల ఆ నంబరు చెప్పింది. ఎవరిదమ్మా అని మేమెవరం అడగలేదు.

తర్వాత రెండేళ్లు నెలకోసారి నేనే మందులు తీసుకుని ఆ ఊరు వెళ్లొచ్చాను. ఆ పిల్ల కుట్టుపని నేర్చుకుంది. వెళ్లినప్పుడల్లా మజ్జిగ ఇచ్చేది. అత్తింటికి మాత్రం మళ్లీ వెళ్లలేదు. ఆ ఏడాది మా రిపోర్టులో ఫాలోఅప్ శాతం పెరిగింది. ఆ శాతంలో ఆ టిక్కు కూడా ఉంది తల్లీ.

అందుకే మొదటి రోజునే, ఆ మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. ఈ ఫోను ఎవరిది? ఏ వేళ చెయ్యొచ్చు? వేరేవాళ్లు ఎత్తితే మేం ఎవరమని చెప్పాలి? మెసేజ్ పెట్టొచ్చా? వద్దంటే వద్దు. "ఫోన్ చెయ్యొద్దన్నారు" అని గడిలో రాయి, అదీ నీకు దొరికిన సమాచారమే. పేర్లు, నంబర్లు ఒక చోట, జవాబులు ఇంకో చోట ఉంచు. వీడియో జరిగిన ప్రతిసారీ గదిలో పక్కన ఎవరున్నారో కూడా ఒక గడిలో రాయించు. అత్తగారు పక్కనుండగా వచ్చిన మార్కులూ, ఒంటరిగా ఉండగా వచ్చిన మార్కులూ ఒకటి కావు.

నీ ప్రశ్నలన్నీ సిద్ధమయ్యాక ఆదివారం సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. మీ పెదనాన్న పక్కనే టీవీ చూస్తుంటారు, వంటావిడ అటూ ఇటూ తిరుగుతుంటుంది. నేను లేచి వేరే గదిలోకి వెళ్లను. రోగిని అనుకుని ఒక్కొక్కటే అడుగు. నేను ఎక్కడ ఆగిపోతానో రాసుకో.

వేళకి తిను.

మీ పెద్దమ్మ