సెక్షన్ నంబరు రాసేముందు కాయలు లెక్కపెట్టు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ నవల రాతప్రతి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. లంక కొబ్బరి తోటల్లో తెల్లవారుజాము, పంటు మీద సైకిళ్ళు, దింపు తీసేవాళ్ళ మాటలు, ఏటిగట్టు మీద నడక, వీటిలో ఒక్క అక్షరం మార్చమని చెప్పను. నా పేచీ అంతా అయిదో అధ్యాయంతో మొదలవుతుంది. అక్కడ నీ ఎస్సై ఎఫ్.ఐ.ఆర్. రాస్తాడు. నువ్వు ముందు సెక్షన్ నంబరు ఎంచుకుని, తరువాత దానికి కథ తొడిగావు. చట్టం నడిచే దారి దీనికి ఎదురు. పగలా రాత్రా, చెట్టు మీద కాయా కొట్లో కాయా, నలుగురా అయిదుగురా, వీటిలో ఏ ఒక్కటి మారినా నేరం పేరు మారుతుంది, శిక్ష మారుతుంది, విచారించే కోర్టు కూడా మారవచ్చు.

నీ కథనే తీసుకుందాం. ముగ్గురు కుర్రాళ్ళు రాత్రిపూట తోటలో దూరి కొబ్బరికాయలు దింపి, పడవలో వేసుకుని, అడ్డొచ్చిన కాపలాదారుణ్ణి కర్రతో కొట్టి పోయారు. కాలం 2025. నీ ఎస్సై '379, 307 సెక్షన్ల కింద కేసు' అంటాడు. ఈ రెండు నంబర్లూ పాత ఇండియన్ పీనల్ కోడ్‌వి. 1860లో చేసిన ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాతదానిలో 511 సెక్షన్లుంటే కొత్తదానిలో 358. అంటే 379 అనే సెక్షనే ఇప్పుడు లేదు. 307 ఉంది గానీ అది హత్యాయత్నం కాదు, చంపడానికో గాయపరచడానికో సిద్ధపడి వెళ్ళి చేసిన దొంగతనం. హత్యాయత్నం 109కి వెళ్ళింది. హత్య 302 నుంచి 103కి, మోసం 420 నుంచి 318(4)కి. ఇప్పటి 302 మత భావాలను గాయపరిచే మాటల గురించి, ఇప్పటి 304 గొలుసు లాక్కుపోవడం లాంటి స్నాచింగ్ గురించి. టీ కొట్టు దగ్గర మనిషి ఇప్పటికీ 'ఫోర్ ట్వంటీగాడు' అనే అంటాడు, అననివ్వు. ఎస్సై చేతి కాగితంలో మాత్రం ఆ నంబరు పడకూడదు. నేరం 2024 జూన్ 30న జరిగి, ఫిర్యాదు ఆగస్టులో వస్తే మళ్ళీ పాత నంబరే. నేరానికి లెక్క అది జరిగిన రోజు, కేసు రాసిన రోజు కాదు.

ఇక కాయల సంగతి. నేలకు అతుక్కుని ఉన్న వస్తువును దొంగిలించడం కుదరదని చట్టం మాట. చెట్టు మీదున్న కాయ భూమిలో భాగమే. తొడిమ తెగిన క్షణంలో అది చరాస్తి అవుతుంది, తెంపడం అనే ఆ పనే దొంగతనం అవుతుంది. అది 303(2): మూడేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇప్పుడు ధర చూడు. కాయ 15 రూపాయలనుకుంటే 300 కాయలు 4,500. సొత్తు విలువ 5,000కు లోపుండి, ముద్దాయికి ఇదే మొదటి శిక్ష అయి, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. ఈ మూడు షరతులూ కలవాలి. అదే 400 కాయలైతే 6,000, మామూలు దొంగతనమే. నువ్వు 'బోలెడు కాయలు' అని రాశావు. కవిత్వంలో సరిపోతుంది, పంచనామాలో సరిపోదు. మధ్యవర్తుల ముందు వి.ఆర్.ఓ. సంతకం పెట్టే కాగితంలో కాయల లెక్క, కాయ ధర, మొత్తం విలువ ఉండాలి. ఆ లెక్క మీదే తరువాతి పది అధ్యాయాలు నిలబడతాయి.

అవే కాయలు తోట మధ్య కొట్లో పోసి ఉంటే? మనిషి ఉండే ఇల్లే కానక్కరలేదు. సొత్తు దాచే కట్టడమైనా, పడవైనా సరే, అందులోంచి తీస్తే 305, ఏడేళ్ళ వరకు. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయం లోపు తాళం పగలగొట్టి దూరితే 331(4) కూడా. దొంగతనం కోసమైతే అది 14 ఏళ్ళ దాకా పోతుంది. నువ్వు తోటలో 'రాత్రి' అన్న మాటకు చాలా బరువు పెట్టావు. బయలు తోటలో రాత్రికి విడిగా బరువు లేదు, కొట్టు తలుపు దగ్గరే దానికి బరువు. కొట్టుకు తాళం ఉందా, గొళ్ళెం మాత్రమే ఉందా అన్నది కూడా రాసుకో. యజమాని దగ్గర జీతానికుండే పాలేరే తీస్తే 306.

కాపలాదారు దెబ్బ దగ్గరికి వద్దాం. అసలు మెలిక ఇక్కడుంది. కాయలు తీయడానికో, తీసినవి పట్టుకుపోవడానికో కొడితే దొంగతనం దోపిడీ అవుతుంది. కాయలు అక్కడే వదిలేసి, పట్టుబడకుండా పారిపోవడానికి మాత్రమే కొడితే దోపిడీ కాదు, దొంగతనం ఒకటి, గాయం ఒకటి. నీ వాక్యంలో 'గోనె భుజాన ఉంది' అన్నావు గాని కర్ర ఎత్తినప్పుడు గోనె కింద పడిందో లేదో చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం 303కీ 309కీ మధ్య గోడ. దోపిడీకి 309(4) కింద పదేళ్ళ వరకు. ఆ దోపిడీలో గాయపరిస్తే 309(6), యావజ్జీవం దాకా. మనుషులు అయిదుగురుంటే అది దోపిడీ కూడా కాదు, 310 కింద బందిపోటు. అయిదుగురు ఉన్నారని రుజువు కావాలి. నువ్వు ముగ్గురన్నావు కనుక 309కి 3(5) కలిపి రాస్తారు, ఉమ్మడి ఉద్దేశానికి.

పాత 307, అంటే ఇప్పటి 109, ఎందుకు పెట్టావో నాకు తెలుసు, గట్టిగా వినిపిస్తుందని. హత్యాయత్నానికి చంపే ఉద్దేశమో, ప్రాణం పోతుందన్న ఎరుకో కనిపించాలి. కర్రతో భుజం మీద ఒక్క దెబ్బలో అది కనిపించదు. డాక్టరు ఇచ్చే గాయాల సర్టిఫికెట్ వచ్చేదాకా నీ ఎస్సై ఆగాలి. ఎముక విరిగినా, పన్ను ఊడినా, పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా తీవ్ర గాయం, 117(2), ఏడేళ్ళ వరకు. పాత చట్టంలో ఆ గడువు ఇరవై రోజులు. ఆసుపత్రిలో మనిషి చనిపోతే కేసు కొత్తగా కట్టరు. ఉన్న కేసులోనే సెక్షన్ మారుస్తూ కోర్టుకు ఆల్టరేషన్ మెమో పంపుతారు. క్రైమ్ నంబరు అదే ఉంటుంది.

నువ్వు కాపలాదారును దళితుడిగా రాశావు. వాళ్ళు కులం పేరుతో తిట్టారని కూడా రాశావు. ఈ విషయం తేలిగ్గా వదిలేయకు. కుర్రాళ్ళు ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళై ఉండాలి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ తిట్టు నేరం కావాలంటే జనం చూపుకు అందే చోట జరగాలి. అర్ధరాత్రి తోటలో బయటి మనిషి ఎవరూ లేరంటే ఆ ఒక్క ఆరోపణ నిలవడం కష్టం. గట్టు మీద వలలు సర్దుకునే జాలరి విన్నాడంటే పరిస్థితి వేరు. ఈ చట్టం సెక్షన్ పడ్డాక దర్యాప్తు ఎస్సై చేయకూడదు, డి.ఎస్.పి. స్థాయి అధికారి చేయాలి. విచారణ ప్రత్యేక కోర్టుకు పోతుంది. నీ నవలలో ఎస్సైయే ఛార్జిషీటు దాకా నడిపించాడు. ఆ కుర్రాళ్ళ వకీలుకు అదే పెద్ద ఆయుధం అవుతుంది.

బెయిలు మాటకొస్తే, కేసు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత చివర మొదటి షెడ్యూలు ఉంటుంది. ఆరు గళ్ళ పట్టిక: సెక్షను, నేరం, శిక్ష, పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోవచ్చా, బెయిలు హక్కా కాదా, ఏ కోర్టు విచారిస్తుంది. పక్కన స్కేలు పెట్టుకుని ఒక్కో వరుసా అడ్డంగా చదువు. శిక్ష పెద్దదైతే బెయిలు రాదనుకునే అలవాటు అక్కడ పోతుంది. మూడేళ్ళ దొంగతనం నాన్ బెయిలబుల్. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన 106(1)కి అయిదేళ్ళు, అది బెయిలబుల్. ఏడేళ్ళ తీవ్ర గాయం కూడా బెయిలబులే. నాన్ బెయిలబుల్ అంటే బెయిలు రాదని కాదు, స్టేషన్లో ఇవ్వడం హక్కు కాదని, కోర్టు విచక్షణ అని. దొంగతనం కేసులో 60 రోజుల్లో, హత్య కేసులో 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. ఇంకొకటి: దొంగతనంలో సొత్తు యజమాని రాజీపడవచ్చు, దోపిడీ రాజీ పడదగిన నేరాల జాబితాలో లేదు. కనుక పన్నెండో అధ్యాయంలో రావిచెట్టు కింద పెద్దమనుషులు తేల్చిన సంగతి కోర్టులో తేలదు.

నంబర్ల క్రమం కూడా సరిచూడు. స్టేషన్లో క్రైమ్ నంబరు, ఏడాది. కోర్టులో మేజిస్ట్రేటే విచారించేదైతే సి.సి. నంబరు, క్యాలెండర్ కేసు అని. సెషన్స్ విచారించేదైతే ముందు పి.ఆర్.సి., ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు అని; మేజిస్ట్రేటు దాన్ని సెషన్స్‌కు పంపాక, అంటే కమిట్ అయ్యాక, ఎస్.సి., సెషన్స్ కేసు అని. ముద్దాయిలు ఎ-1, ఎ-2. ఛార్జిషీటు జాబితాలో చెప్పిన సాక్షి ఎల్.డబ్ల్యు. (లిస్టెడ్ విట్‌నెస్), బోనెక్కి చెప్పాక పి.డబ్ల్యు. (ప్రాసిక్యూషన్ విట్‌నెస్). గోనె, కర్ర ఎం.ఓ.లు, అంటే మెటీరియల్ ఆబ్జెక్టులు. నీ వకీలు 'ఎల్.డబ్ల్యు.-1 వాంగ్మూలం చెప్పాడు' అనడం తప్పు.

తీర్పు అధ్యాయం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మొదటి తరగతి మేజిస్ట్రేటు పదేళ్ళు వేశాడు. 309ని ఆ మేజిస్ట్రేటే విచారిస్తాడు, నిజమే. కానీ ఆయన వేయగలిగింది మూడేళ్ళు, 50,000 జరిమానా. అంతకు మించి కావాలనిపిస్తే చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి, ఆయన హద్దు ఏడేళ్ళు. చట్టంలో రాసిన గరిష్ఠం వేరు, కూర్చున్న కుర్చీకి ఉన్న గరిష్ఠం వేరు. దోషి అని తేల్చాక శిక్ష మీద ముద్దాయిని విడిగా అడగాలి, ఆ మాటలు కాగితం మీదకెక్కాలి. రెండు నేరాలుంటే శిక్షలు ఏకకాలంలోనా, ఒకదాని వెనుక ఒకటా అన్నది తీర్పులో చెప్పాలి. రిమాండులో గడిపిన రోజులు తీసివేయాలి. యావజ్జీవమంటే పద్నాలుగేళ్ళని మీ జైలరు పాత్ర చేత అనిపించావు. అది బ్రతికినంత కాలం. పద్నాలుగు అన్నది ముందస్తు విడుదలకు సంబంధించిన గడువు.

నీ చిన్న కుర్రాడికి పంతొమ్మిదేళ్ళు. 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో 21 నిండనివాణ్ణి జైలుకు పంపాలంటే మేజిస్ట్రేటు కారణాలు రాయాలి, ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించాలి. కానీ యావజ్జీవం పడగల నేరాలకు అది వర్తించదు. అంటే 309(6) నిలిస్తే ఆ తలుపు మూసుకుపోతుంది, దొంగతనమూ గాయమూ విడివిడిగా నిలిస్తే తెరిచి ఉంటుంది. గోనె కింద పడిందా లేదా అన్న ఆ వాక్యానికి ఒక పిల్లవాడి బతుకు వేలాడుతోంది. నీ నవలకు గుండె అదే, నువ్వు దాన్ని చూడకుండా దాటిపోయావు. వాడికి పద్దెనిమిది నిండకపోతే కథ జువెనైల్ బోర్డుకు పోతుంది. నేరం జరిగిన రోజు వయసే లెక్క.

రెండో నవలకు నువ్వు చెప్పిన విషయాల మీద కొంచెం. ఏజెన్సీ నుంచి దిగే గంజాయిలో సంఖ్య కిలోలది. కిలోకు లోపైతే ఏడాది వరకు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ళు, 20 ఏళ్ళ దాకా, పైగా బెయిలు చాలా కఠినం. సరిగ్గా 20 కిలోలైతే మధ్య తరగతే, ఎందుకంటే చట్టం 'మించిన' అంటుంది. ఆకులూ గింజలూ విడిగా ఉంటే గంజాయి కిందికి రావు, పూతో కాయో ఉన్న కొసలే వస్తాయి. కనుక తూకం వేసేది దేన్ని అన్నది రాయి. ఇసుక ర్యాంపు కథలో పోలీసులు దొంగతనం కేసు కట్టవచ్చు. గనుల చట్టం నేరానికి మాత్రం అధికారం పొందిన అధికారి కోర్టులో ఫిర్యాదు ఇవ్వాలి, పోలీసు ఛార్జిషీటు చాలదు. శివారు చేనుకు పోయే కాలువ నీటిని అక్రమంగా మళ్ళిస్తే 326(ఎ), అయిదేళ్ళ వరకు. కాలువ నీళ్ళు చూసే లస్కరుకు ఆ నంబరు తెలియకపోయినా తగువు తెలుసు. కోడిపందేలకు 1974 నాటి జూద చట్టం, 1960 నాటి జంతు హింస చట్టం రెండూ పెడతారు. రెండోదానిలో మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. బరి దగ్గర చేతులు మారే డబ్బు పక్కన ఆ అంకె పెట్టి చూపించు, పాఠకుడికి వేరే వ్యాఖ్య అక్కరలేదు.

నీ విలేకరి పాత్ర లెక్కలు చెప్పేచోట ఒక జాగ్రత్త. జాతీయ నేర గణాంకాల్లో ఒక ఎఫ్.ఐ.ఆర్.లో ఎన్ని సెక్షన్లున్నా అన్నిటికన్నా తీవ్రమైనదాని కిందే ఒక్కసారి లెక్కిస్తారు. హత్యతో కూడిన దొంగతనం దొంగతనాల పట్టికలో కనిపించదు.

అయిదో అధ్యాయం మళ్ళీ రాసేముందు ఒక కాగితం మీద తేదీ, వేళ, చోటు, మనుషుల సంఖ్య, వాళ్ళ వయసులు, చేతిలో ఏముంది, సొత్తు ఎక్కడుంది, దాని విలువెంత, దెబ్బ ఎక్కడ తగిలింది, ఎవరు చూశారు అన్నవి రాసి ముందు నాకు పంపు. కాయ ధర మీ అంబాజీపేట మార్కెట్లో ఆ నెల ఎంత ఉందో కనుక్కుని రాయి, నేననుకున్న పదిహేను వాడకు.

ఆశీస్సులతో,
అన్నయ్య