రాకెట్ టీమ్ మాన్పించే ముందు ఒక్కమాట అడగండి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఈసీఈ రెండో సంవత్సరం. కాలేజీ రాకెట్ టీమ్‌లో చేరింది. 10,000 అడుగుల ఎత్తుకు వెళ్లే రాకెట్ కడుతున్నారట. రాత్రి పదకొండు దాకా ల్యాబ్‌లోనే. సీజీపీఏ 8.1 నుంచి 7.4కు పడింది. దీంతో ఇస్రో ఉద్యోగం వస్తుందా? మాన్పించమంటారా?
– ఓ తండ్రి, గుంటూరు

జవాబు: ముందు ఇస్రో సంగతి. సైంటిస్ట్/ఇంజినీర్ ‘ఎస్‌సీ’ (ఇది హోదా పేరు, రిజర్వేషన్ కాదు) పోస్టుకు దరఖాస్తు చేయాలంటే బీటెక్‌లో 65 శాతం లేదా 6.84 సీజీపీఏ ఉండాలి. ఆపైన నోటిఫికేషన్‌ను బట్టి రాత పరీక్షో గేట్ స్కోరో, తర్వాత ఇంటర్వ్యూ. రాకెట్ టీమ్‌లో ఉన్నందుకు విడిగా మార్కులేమీ కలపరు. 7.4తో మీ అమ్మాయి ఆ అర్హత గీతకు పైనే ఉంది. 7 దాటి కిందికి జారేలా ఉంటే మాత్రం ల్యాబ్ గంటలు తగ్గించుకోమనండి. ఆ పని అక్కరకొచ్చేది ఇంటర్వ్యూల్లో, స్కైరూట్ లాంటి ప్రైవేటు సంస్థల్లో. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్‌ను 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది ఈ హైదరాబాద్ సంస్థే.

కాబట్టి మాన్పించే ముందు ఒక్కమాట అడగండి: "అమ్మా, ఆ రాకెట్‌లో నీ చేతి పని ఏది?" పోస్టర్లు, స్పాన్సర్లకు ఉత్తరాలు అని చెబితే, మీ బెంగలో న్యాయం ఉంది. ఈసీఈ విద్యార్థికి అసలు చోటు ఏవియానిక్స్ (రాకెట్‌లోని ఎలక్ట్రానిక్స్), రికవరీ (రాకెట్‌ను భద్రంగా కిందికి దించే ఏర్పాటు). పైకి పంపడం కంటే చెక్కుచెదరకుండా దించడమే కష్టం, విద్యార్థుల రాకెట్లు ఎక్కువగా దెబ్బతినేదీ అక్కడే.

ఇలాంటి రాకెట్‌లో సాధారణంగా రెండు పారాచూట్లుంటాయి. శిఖరానికి చేరగానే చిన్నది (డ్రోగ్) తెరుచుకోవాలి, నేలకు 1,500 అడుగులలోపు పెద్దది. రెండింటికీ ఆజ్ఞ ఇచ్చేది గాలి ఒత్తిడిని కొలిచే ఆల్టీమీటర్. అది మొరాయిస్తే రెండూ తెరుచుకోవు, అందుకే రెండు ఆల్టీమీటర్లు పెడతారు. ఒక్కోదానికి సొంత బ్యాటరీ, సొంత స్విచ్, సొంత ఛార్జ్ (పారాచూట్‌ను బయటికి నెట్టే కొద్దిపాటి మందు). రెండూ ఒకే బ్యాటరీ మీద నడిస్తే రెండున్నా ఒకటే లెక్క.

తప్పులు చాలా చిన్నచోట దొరుకుతాయి. స్ప్రింగ్ ఉన్న బ్యాటరీ హోల్డర్‌ను రాకెట్ పొడవునా నిలువుగా బిగిస్తే, మోటారు తన్నిన క్షణంలో స్ప్రింగ్ నొక్కుకుపోయి కరెంటు తెగిపోవచ్చు. అప్పుడు ఆల్టీమీటర్ రీసెట్ అవుతుంది, పారాచూట్ లోపలే ఉండిపోతుంది. రాకెట్ గొట్టం కార్బన్ ఫైబర్‌ది అయితే రేడియో తరంగాలు బయటికి రావు. జీపీఎస్, యాంటెన్నా ఫైబర్‌గ్లాస్ ముక్కుభాగంలో ఉండాలి. డ్రోగ్ రెండు మూడు సెకన్లు ఆలస్యంగా తెరుచుకుంటే ఆ కుదుపుకు పారాచూట్ తాడు గొట్టాన్ని జిప్ తీసినట్టు చీల్చవచ్చు. 30,000 అడుగుల రాకెట్‌కు మారితే ఇంకో చిక్కు: అంత పలచని గాలిలో బ్లాక్ పౌడర్ (నల్లమందు) ఛార్జ్ సగం కాలి ఆరిపోవచ్చు. గట్టిగా మూసిన డబ్బాలో పెట్టాలి, లేదంటే పారాచూట్‌ను కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో తోయాలి.

పారాచూట్ కొలత తనే లెక్కగట్టిందా అని కూడా అడగండి. దిగేటప్పటి బరువు 20 కిలోలు, నేలను తాకే వేగం సెకనుకు 7 మీటర్లు, డ్రాగ్ కోఎఫిషెంట్ (పారాచూట్ గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) 1.5 అనుకుంటే వైశాల్యం సుమారు 4.5 చదరపు మీటర్లు, అంటే 2.4 మీటర్ల వ్యాసం. ఇది కాగితం మీద పది నిమిషాల పని. దాని తర్వాతి పనికే విలువ: నేల మీద ఛార్జ్ పేల్చి గొట్టం సాఫీగా విడిపోతోందో లేదో చూడటం, వీడియో తీయడం, ఏ పరీక్ష ఎందుకు ఫెయిలయిందో తేదీతో నోట్‌బుక్‌లో రాయడం. ఇంటర్వ్యూ బోర్డు ముందు మెడల్ కంటే ఆ నోట్‌బుక్కే ఎక్కువ మాట్లాడుతుంది.

మీరు పట్టుబట్టాల్సింది ఒకటుంది: భద్రత. ఇంధనం హాస్టల్ గదిలోనో వంటింటి పొయ్యి మీదో కలుపుతున్నారని తెలిస్తే ఆ రోజే ఆపించండి. పేలుడు పదార్థాల తయారీకి లైసెన్సు కావాలి, అది లేకుండా తయారుచేయడం నేరం కూడా. ఛార్జ్ పరీక్షల్లో అనుభవమున్న ఫ్యాకల్టీ పక్కన ఉండాలి, ఆల్టీమీటర్ స్విచ్ చివరి నిమిషం దాకా ఆఫ్‌లోనే ఉండాలి.

డబ్బు విషయం: అమెరికా పోటీకి వెళ్లే టీమ్ అయితే వీసా, టికెట్లు, రాకెట్ రవాణా ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా అడగండి. అక్కడే ఎంఎస్ చేసి రాకెట్ కంపెనీలో చేరాలన్నది ఆలోచనైతే ఇప్పుడే తెలుసుకోవాల్సిన నిజం ఒకటుంది. ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల అలాంటి ఉద్యోగాలు చాలావరకు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే ఇస్తారు. అదే అమ్మాయికి ఎంబెడెడ్ సిస్టమ్స్ (పరికరాల లోపలి చిప్‌లు, వాటి ప్రోగ్రామ్‌లు), ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) ఉద్యోగాల్లో అంత అడ్డు ఉండదు, వాటికి కావలసిన చేతి పనీ ఈ ఏవియానిక్స్ పనిలోనే దొరుకుతుంది.