స్పానిష్ తరగతి మానేస్తానంటున్న అమ్మాయి

ప్రశ్న: నమస్కారమండీ. మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాం. మా అమ్మాయి పదకొండో తరగతి చదువుతోంది. స్పానిష్ మొదటి మూడు స్థాయులూ తొంభైకి తగ్గని మార్కులతో పూర్తిచేసి, ఈ ఏడాది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) స్పానిష్ లాంగ్వేజ్ తరగతిలో చేరింది. దానితోపాటు ఏపీ కెమిస్ట్రీ, ఏపీ అమెరికా చరిత్ర కూడా తీసుకుంది. మొదటి ఆరు వారాలకు స్పానిష్‌లో 72 వచ్చింది. తరగతిలో సగంమంది ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలేనట; వాళ్ళ ముందు నోరు విప్పాలంటే భయమని, ఆదివారం రాత్రి అయ్యేసరికి ఏడుపు. మానేస్తానంటోంది. మధ్యలో మానేస్తే కాలేజీలవాళ్ళు తప్పుపడతారని, క్లాస్ ర్యాంకు కూడా పడిపోతుందని మావారు ఒప్పుకోవడం లేదు. చిత్రమేమిటంటే, కిరాణా దుకాణంలో కౌంటరు దగ్గర ఉండే పెద్దావిడతో స్పానిష్‌లో నాలుగు మాటలు మాట్లాడి వచ్చిన రోజున దాని ముఖం వెలిగిపోతుంది. తరగతి మార్చుకోవడానికి అక్టోబరు చివరిదాకా, అంటే రెండు వారాలే గడువు ఉంది. ఏం చేయమంటారు? — ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర్లో రాసిన కిరాణా దుకాణం సంగతితోనే మొదలుపెడతాను. భాషంటే విసుగు పుట్టిన పిల్ల పరాయి పెద్దావిడను పలకరించి మరీ మాట్లాడదు. మీ అమ్మాయికి స్పానిష్ మీద ఇష్టం అలాగే ఉంది. మూడు ఏపీల బరువు మధ్య, తనకంటే ధారాళంగా మాట్లాడేవాళ్ళ మధ్య కూర్చోవడమే ఆమెకు భరించరానిదైంది. తరగతి మార్చడం, భాషను వదిలేయడం అనేవి రెండు వేర్వేరు నిర్ణయాలని మీ ఇంట్లో ముగ్గురూ ముందుగా ఒక మాట అనుకోవాలి.

మన తరం తల్లిదండ్రులకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇంటర్మీడియట్‌లో మనలో చాలామందిమి ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకున్నది మార్కుల కోసమే. జవాబులు బట్టీపట్టి వందకు తొంభై అయిదు తెచ్చుకున్నాం గాని, ఆ భాషలో సొంతంగా ఒక్క వాక్యం పలకవలసిన అవసరం రెండేళ్ళలో ఒక్కసారీ రాలేదు. అందుకే భాషా పాఠంలో 72 అనగానే పిల్ల చదవడం లేదని మనకు తోస్తుంది. ఏపీ తరగతి పని వేరు. 2026 మే నెలలో జరిగే పరీక్షలో సగం మార్కులు చదివి, విని జవాబు గుర్తించడానికైతే, తక్కిన సగం రాయడానికీ మాట్లాడటానికీ ఉంటాయి. అందులో ఒక సంభాషణ ఉంటుంది. అవతలి గొంతు ఏదో అడుగుతుంది, బీప్ మోగుతుంది, 20 సెకన్లలో బదులు చెప్పాలి, ఇలా అయిదుసార్లు. 'నువ్వు వస్తావని ఆశిస్తున్నాను' అని చెప్పడానికి 'ఎస్పెరో కే' అని మొదలుపెట్టిన పిల్ల, తర్వాత 'వస్తావు' అనే మాటకు 'వియెనెస్' అనాలా, 'వెంగాస్' అనాలా అని ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, మిగతా వాక్యం గొంతులోనే ఉండిపోతుంది. 'వెంగాస్' సరైనదని మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. కాగితం మీద అడిగితే రాసేస్తుంది కూడా. తెలిసిన మాట సమయానికి నోటికి అందడానికి కొన్ని నెలల సాధన కావాలి, ఆరు వారాలు దానికి చాలవు.

ఇంట్లో స్పానిష్ వింటూ పెరిగిన పిల్లలకు ఆ తటపటాయింపు ఉండదు. 'నాన్న వచ్చారు', 'తమ్ముడు వచ్చాడు' అని మీ అమ్మాయి వ్యాకరణం ఊసే లేకుండా ఎలా అనేస్తుందో, వాళ్ళకు స్పానిష్ కూడా అలాంటిదే. అయితే మన పిల్లలకు తెలుగు రాయడం ఎంత కష్టమో, వాళ్ళలో చాలామందికి వ్యాసం రాయడం అంత కష్టంగానే ఉంటుంది. పైగా ఏపీ స్కోరు పక్కవాళ్ళతో పోటీపెట్టి ఇచ్చేది కాదు. భాషను ప్రధానంగా బడిలోనే నేర్చుకున్న విద్యార్థుల ఫలితాలను, ఏపీ పరీక్షలు నిర్వహించే కాలేజ్ బోర్డు విడిగానూ ప్రకటిస్తుంది. మీ అమ్మాయి తనను తాను పోల్చుకోవలసివస్తే వాళ్ళతో పోల్చుకోవాలని చెప్పండి.

మీవారి భయం కొట్టిపారేయదగ్గది కాదు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం 2026 నుంచి రాష్ట్రంలోని హైస్కూళ్ళలో తరగతికి మొదటి 5 శాతం ర్యాంకులవారికే నేరుగా ప్రవేశం ఇస్తోంది కనుక, ర్యాంకు గురించి ఏ తండ్రైనా ఆలోచిస్తాడు. కానీ ఏపీకి అదనపు విలువ కలిపినా 72తో ఆ ర్యాంకు నిలబడటం కష్టం. ఒక మెట్టు కింది తరగతిలో వచ్చే 95 అంతకంటే మేలు చేయవచ్చు. ఈ లెక్క ఒక్కో స్కూల్ డిస్ట్రిక్టులో ఒక్కో రకంగా ఉంటుంది కనుక, కౌన్సెలర్‌నే కాగితం మీద వేసి చూపమనండి. హైస్కూలు పూర్తిచేయడానికి టెక్సస్‌లో కావలసినవి ఒకే భాషలో 2 క్రెడిట్లు (అంటే రెండేళ్ళ చదువు), మీ అమ్మాయికి అంతకు మించే ఉన్నాయి. ప్రవేశాలు కఠినంగా ఉండే కొన్ని కాలేజీలు మాత్రం నాలుగేళ్ళు ఒకే భాష చదివితే మంచిదంటాయి. స్పానిష్‌ను పూర్తిగా వదిలేయవద్దనడానికి నాకు ఇదీ ఒక కారణం.

నా సలహా సూటిగా చెబుతాను. మీ స్కూలులో ఏపీ కాని నాలుగో స్థాయి స్పానిష్ ఉంటే, ఈ రెండు వారాల్లోనే అందులోకి మారనివ్వండి, పన్నెండో తరగతిలో ఏపీ రాయనివ్వండి. 2015లో చేసిన చట్టం వల్ల టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో ఏపీ పరీక్షలో అయిదుకు 3 స్కోరు ఉన్నా సాధారణంగా మొదటి స్థాయి కోర్సుకు క్రెడిట్ ఇస్తారు; వచ్చే ఏడాది అది అందని స్కోరేమీ కాదు. మారేముందు రెండు విషయాలు తెలుసుకోండి: ఈ 72 కొత్త తరగతిలోకి కూడా వెంట వస్తుందా, ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పట్టిక) మీద మానేసినట్టు 'డబ్ల్యూ' పడుతుందా. గడువులోపల మారితే చాలా స్కూళ్ళలో పడదు.

చాలాచోట్ల నాలుగో ఏడాది స్పానిష్ అంటేనే ఏపీ. మీకూ అదే పరిస్థితి అయితే నా మాట మారుతుంది. అప్పుడు స్పానిష్‌ను ఉంచి, కెమిస్ట్రీ, చరిత్రల్లో ఒకదాన్ని మామూలు తరగతికి మార్చడం గురించి ఆలోచించండి. ఆ రెంటిలో ఏది తన ఇష్టంతో తీసుకున్నదో, ఏది స్నేహితులను చూసో మీ మాట విన్నందుకో తీసుకున్నదో అమ్మాయినే అడగండి. అయితే ఆదివారం రాత్రి ఏడుపు మిగతా రోజులకూ పాకినా, నిద్రా తిండీ తగ్గినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి బరువు వెంటనే దించండి, వైద్యులకు కూడా చూపించండి.

ఈలోగా టీచరుతో మాట్లాడవలసింది మీరు కాదు, అమ్మాయి. ఏ పనిలో ఎక్కువ మార్కులు పోతున్నాయో, బడి మొదలయ్యే ముందు వారానికి రెండుసార్లు మాట్లాడే సాధన చేయించగలరా అని అడుగుతూ ఒక మెయిల్ స్పానిష్‌లోనే రాయమనండి. టీచరును 'తు' అనకుండా 'ఉస్తెద్' అనాలని, 'మీరు', 'నువ్వు' ఎరిగిన తెలుగింటి పిల్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. జవాబు వచ్చాక మీరూ మీవారూ అమ్మాయిని కూర్చోబెట్టుకుని మాట్లాడండి. అది ఆదివారం రాత్రి మాత్రం కాకుండా చూసుకోండి.