తుప్పు ట్యాంకు కోసం మూడు రూపాయల మిత్తా?

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా. 4 ఎకరాల్లో పత్తి, వరి వేస్తాను. 2004లో కొన్న 35 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది, కిరాయికి కూడా తిప్పుతాను. ఇప్పుడది అరగంట నడిచి ఆగిపోతోంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతోంది. డీజిల్ ట్యాంకు లోపలంతా తుప్పేనని, ట్యాంకు, పంపు, నాజిళ్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) అన్నీ మార్చాలని, 38 వేలు అవుతుందని మెకానిక్ చెప్పాడు. నా దగ్గర 9 వేలే ఉన్నాయి. తెలిసిన వ్యాపారి మూడు రూపాయల మిత్తికి ఇస్తానంటున్నాడు. తీసుకోవాలా? లేక పాతది ఇచ్చేసి ఫైనాన్స్‌లో కొత్తది కొనాలా?

జవాబు: రెండూ వద్దు. ట్రాక్టర్ మీద సంపాదిస్తూ దాని మరమ్మతుకు పైసా పక్కన పెట్టని వాళ్లు ఊరికి పది మంది ఉంటారు. మీ ఉత్తరానికి జవాబివ్వడం అందుకే. తుప్పు ఒక్క రోజులో పట్టదు. మొదటిసారి ఫిల్టర్ గిన్నెలో ఎర్రటి మడ్డి కనిపించినప్పుడే ట్యాంకు దించి కడిగిస్తే కొద్ది ఖర్చుతో పోయేది. చేతిలో డబ్బు లేక వాయిదా వేశారు, ఇప్పుడు దుక్కుల ముందు అప్పు వైపు చూస్తున్నారు.

ముందు ఆ అప్పు లెక్క చూడండి. 38 వేలకు మూడు రూపాయలంటే నెలకు 1,140. పత్తి డబ్బు చేతికొచ్చేసరికి 8 నెలలు పడితే మిత్తే 9,120. అప్పటికీ తీర్చలేకపోతే నోటు తిరగరాయిస్తారు, మిత్తి అసలులో కలుస్తుంది. ఏడాదికి 36 శాతం మిత్తి కట్టి బాగు చేయించుకునేంత రాబడి ఏ పాత ట్రాక్టర్‌కూ ఉండదు. ఈ సంగతి తెలిసీ నోటు మీద సంతకం పెట్టేవాళ్లను చూస్తే ఓపిక పోతుంది.

అసలు 38 వేలు అవసరమా అన్నది ఇంకో ప్రశ్న. అరగంట నడిచి ఆగడం, కాసేపటికి మళ్లీ నడవడం ఎక్కువగా ట్యాంకు అవుట్‌లెట్‌కు చెత్త అడ్డం పడే లక్షణం. ఇంజిన్ నడుస్తుంటే డీజిల్‌తో పాటు తుప్పు పెచ్చులు వచ్చి కాక్ (ట్యాంకు కింది డీజిల్ కుళాయి) దగ్గర పేరుకుంటాయి. ఆగగానే లాగుడు పోయి అవి కిందికి జారతాయి. పంపు అరిగినా వేడెక్కాక ఇలా ఆగవచ్చు, కానీ తక్కువ ఖర్చుతో తేలేది ట్యాంకే. కాబట్టి పంపు, నాజిళ్ల మాట తర్వాత. ముందు ట్యాంకు సంగతి చూడండి, 9 వేలల్లోనే.

బ్యాటరీ వైరు తీసి, డీజిల్ పూర్తిగా దింపి, ట్యాంకు విప్పించండి. కాక్, గేజ్ ఫ్లోటు, మూతలోని జాలీ తీసి పక్కన పెట్టండి, తర్వాత పోసే నిమ్మ ఉప్పు ఆమ్లం వాటికి తగలకూడదు. ముందు వేడి నీళ్లు, సర్ఫుతో జిడ్డు వదిలించాలి. జిడ్డు ఉంటే ఆమ్లం తుప్పును అంటదు. లోపల గుప్పెడు చిన్న నట్లు వేసి ఊపితే పెచ్చులు రాలతాయి, ఆ నట్లను లెక్కపెట్టి మరీ బయటికి తీయండి. తర్వాత లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచండి. 45 లీటర్ల ట్యాంకుకు రెండుంపావు కిలోలు పడుతుంది. పారబోశాక చాకలి సోడా నీళ్లతో, మళ్లీ మంచినీళ్లతో కడిగి వెంటనే బ్లోయర్‌తో ఆరబెట్టి, డీజిల్ పోసి అన్ని పక్కలా తడిసేలా తిప్పండి. తడిగా వదిలేస్తే గంటలోనే గోధుమరంగు పొడి మళ్లీ తేలుతుంది.

చీకట్లో లోపల టార్చి వేసి చూడండి. అడుగు అతుకు దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. ఒకటి రెండు సూదిరంధ్రాలైతే బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతకడం) చేయించవచ్చు. రేకు మెత్తగా లోపలికి పోతుంటే అతుకులకు డబ్బు తగలేయకండి, ట్యాంకు మార్చాల్సిందే. డీజిల్ ఆవిరి ఉన్న ట్యాంకుకు వెల్డింగ్ గానీ బ్రేజింగ్ గానీ చేస్తే పేలవచ్చు, 'ఏం కాదు' అనే వెల్డర్ దగ్గర నిలబడవద్దు.

బిగించేటప్పుడు రెండు ఫిల్టర్లూ, రబ్బరు పైపులూ కొత్తవి వేయించి, ఫిల్టర్ దగ్గర నుంచి వరసగా డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీయించండి. 50 గంటలు నడిచాక ఫిల్టర్లు ఇంకోసారి మార్చండి, మిగిలిన పొడి అప్పుడు వస్తుంది. పని అయ్యాక రాత్రిళ్లు ట్యాంకు నింపి ఉంచండి. ఖాళీ భాగంలో చేరే చెమ్మే తుప్పుకు మొదలు. దీని తర్వాతా లాగకపోయినా, తెల్లపొగ వచ్చినా అప్పుడు నాజిళ్లు టెస్ట్ చేయించి, చెడ్డవే మార్పించండి.

అప్పటికీ డబ్బు చాలకపోతే కిసాన్ క్రెడిట్ కార్డు చూడండి. పంట ఖర్చు లెక్క మీద మరో 20 శాతం వ్యవసాయ పరికరాల మరమ్మతులు, నిర్వహణకని పరిమితిలో కలపాలి. పంట లెక్క లక్షన్నరైతే అది 30 వేలు. వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4. 7 శాతం లెక్కనే 38 వేలకు నెలకు 222 రూపాయలు. వ్యాపారి అడిగే 1,140 పక్కన పెట్టి చూడండి. బ్యాంకులో బంగారం మీద అప్పు దీని తర్వాతి దారి. కొత్త ట్రాక్టర్ మాట ఇప్పుడు వద్దు. 9 వేలు కూడబెట్టిన చేత్తో ఆర్నెల్లకో కిస్తీ కట్టలేరు.

ఇక నేను పట్టుబట్టే విషయం. ట్రాక్టర్ నడిచిన ప్రతి గంటకు 100 రూపాయలు, సొంత పొలంలో నడిచినా సరే, విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఏడాదికి 300 గంటలంటే 30 వేలు. కిరాయి డబ్బు వచ్చిన రోజే వేయాలి, నెలాఖరుకు మిగిలితే వేద్దామంటే మిగలదు. ఈ డబ్బు చీటీలో పెట్టవద్దు, పాట రాకుండా చేతికి రాదు. దీన్ని ఎరువులకూ, పెళ్లి కట్నాలకూ ముట్టవద్దు. ఇంటి అవసరాల నిధి వేరే. మీకు రాబడి ఏడాదికి రెండుసార్లే కాబట్టి అది తర్వాతి పంట వచ్చేదాకా ఇల్లు నడిచేంత ఉండాలి. ట్రాక్టర్ నిధి 40 వేలకు చేరాక ఆ వంద రూపాయలు ఇంటి నిధికి మళ్లించండి.

బీమా మీద ఆశ పెట్టుకోవద్దు, తుప్పుకూ అరుగుదలకూ ఏ పాలసీ డబ్బివ్వదు. కానీ థర్డ్ పార్టీ పాలసీ గడువు దాటిందేమో ఈ వారంలోనే చూడండి, ట్రాలీలో కూలీలను ఎక్కించే అలవాటు ఉంటే మానుకోండి.