డెబియన్‌లో ఎగ్జిమ్ రీస్టార్ట్ చేస్తే నేను మార్చినవన్నీ పోతున్నాయి, ఎందుకు?

డెబియన్ లైనక్స్‌లో మెయిళ్లు పంపే ప్రోగ్రామ్ ఎగ్జిమ్. దాని మాన్యువల్ చూసి ఫైలు మార్చారు, రీస్టార్ట్ చేయగానే పాత సెట్టింగులే వచ్చాయి, ఆఫీసు మెయిళ్లు బయటికి పోవట్లేదు. ఇదే కదా మీ ప్రశ్న? మాన్యువల్‌లో తప్పు లేదు, మీరు రాసిందీ సరిగ్గానే ఉండొచ్చు. కాకపోతే మీరు మార్చిన ఫైలు డెబియన్ తనంతట తాను తయారుచేసుకునేది.

ఎగ్జిమ్‌ను 1995లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఫిలిప్ హేజెల్ రాశారు. అసలు ప్రోగ్రామ్‌కు కాన్ఫిగరేషన్ అంతా ఒకే ఫైల్లో ఉంటుంది, మాన్యువల్ కూడా అలాగే చెబుతుంది. డెబియన్ వాళ్లు దానిమీద తమ ఏర్పాటు ఒకటి పెట్టారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే ప్రశ్నలకు మీరిచ్చిన జవాబులు 'అప్‌డేట్-ఎగ్జిమ్4.కాన్ఫ్.కాన్ఫ్' అనే ఫైల్లోకి వెళ్తాయి. చివర 'కాన్ఫ్' రెండుసార్లు ఉంటుంది, పొరపాటు కాదు. ఆ జవాబులనూ ఒక టెంప్లేట్‌నూ (ముందే ఇచ్చిన నమూనా ఫైలు) కలిపి, వార్ ఫోల్డర్ కింద 'కాన్ఫిగ్.ఆటోజెనరేటెడ్' అనే ఫైలు తయారవుతుంది. ఎగ్జిమ్ చదివేది దాన్నే. సర్వీస్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ అది కొత్తగా తయారవుతుంది కాబట్టి అందులో చేత్తో రాసింది ఏదీ నిలవదు.

నేను తిరుపతిలో ఆర్టీసీ బస్టాండు దగ్గర ఒక లాడ్జికి సర్వర్ చూసుకుంటాను. గది బుక్ అయితే యాత్రికులకు మెయిల్ వెళ్లాలి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆ మెయిల్ ఆగితే రిసెప్షన్‌లో కూర్చున్న అన్నకు ఒకటే టెన్షన్. అందుకే ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేసినా మన జవాబులు వేరే ఫైల్లో భద్రంగా ఉంటాయి.

ఇక మీ పనికి వద్దాం. 'డీపీకేజీ-రీకాన్ఫిగర్ ఎగ్జిమ్4-కాన్ఫిగ్' నడిపి, స్మార్ట్‌హోస్ట్ (మన మెయిళ్లు తీసుకుని బయటికి చేర్చే వేరే సర్వర్) ద్వారా పంపే రకం ఎంచుకోండి. కాన్ఫిగరేషన్‌ను చిన్న చిన్న ఫైళ్లుగా విడగొట్టాలా అని అడిగితే వద్దనండి. చిన్న ఆఫీసుకు ఒకటే టెంప్లేట్ చాలు, వెతుక్కోవడం తగ్గుతుంది. సొంత మార్పులేమైనా కావాలంటే టెంప్లేట్ జోలికి పోకుండా, దాని పక్కనే 'ఎగ్జిమ్4.కాన్ఫ్.లోకల్‌మాక్రోస్' అనే ఫైలు పెట్టి అందులో రాయండి.

స్మార్ట్‌హోస్ట్ పేరు తర్వాత పోర్టు 587 ఇవ్వాలంటే మధ్యలో కోలన్ ఒకటి కాదు, రెండు పెట్టాలి. ఎగ్జిమ్ లిస్టుల్లో ఒక్క కోలన్ అంటే ఒక పేరు ముగిసి ఇంకో పేరు మొదలైనట్టు.

స్మార్ట్‌హోస్ట్ పాస్‌వర్డ్ పెట్టే చోటు 'పాస్‌డబ్ల్యుడి.క్లయింట్'. ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. మీరు స్మార్ట్‌హోస్ట్‌గా ఇచ్చిన పేరుతో డెబియన్ ఇందులో వెతకదు. కనెక్ట్ అయిన సర్వర్ ఐపీ అడ్రసుకు రివర్స్ డీఎన్ఎస్‌లో (అడ్రసును బట్టి పేరు చెప్పే పట్టిక) ఏ పేరుంటే ఆ పేరుతో వెతుకుతుంది. జీమెయిల్ ద్వారా పంపితే ఆ పేరు మీరిచ్చింది కాకుండా ఇంకేదో కావచ్చు, అందుకే లైన్ మొదట్లో ఏ పేరు రాయాలో చూసుకోండి. మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్ 2022 మే చివరి నుంచి ఇలాంటి ప్రోగ్రాములకు పనిచేయదు, యాప్ పాస్‌వర్డ్ (ఇలాంటి ప్రోగ్రాముల కోసం గూగుల్ విడిగా ఇచ్చేది) తీసుకోండి. ఫైలు ఓనరు రూట్, గ్రూపు 'డెబియన్-ఎగ్జిమ్', పర్మిషన్ 640 ఉండాలి. అవతలి సర్వర్ టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా దాచి పంపే పద్ధతి) ఇవ్వకపోతే డెబియన్ ఎగ్జిమ్ పాస్‌వర్డ్ పంపనే పంపదు. ఆ కట్టుబాటును వదులు చేసే మాక్రో (ఒక సెట్టింగు) ఒకటుంది, దయచేసి వాడకండి. మీ ఆఫీసు పాస్‌వర్డ్ తెరిచిన ఉత్తరంలా వెళ్తుంది.

ఇంకొకటి చూడండి. ఈటీసీ కింద ఎగ్జిమ్4 ఫోల్డర్‌లో 'ఎగ్జిమ్4.కాన్ఫ్' అనే ఫైలు ఎవరైనా పెట్టి ఉంటే డెబియన్ ఏర్పాటంతా పక్కకు పోయి, అదొక్కటే నడుస్తుంది. ఏ ఫైలు నడుస్తోందో తెలియాలంటే ఎగ్జిమ్4కు మైనస్ బీ, పెద్ద వీ (-bV) ఇచ్చి నడపండి, చివరి లైన్లో కనిపిస్తుంది. తర్వాత మైనస్ బీటీతో ఒక బయటి అడ్రసు ఇస్తే మెయిల్ ఏ దారిలో వెళ్తుందో చూపిస్తుంది. అయినా పోకపోతే మెయిన్‌లాగ్‌లోని (ఎగ్జిమ్ తన పని రాసుకునే ఫైలు) చివరి లైన్లు పెట్టండి, అడ్రసులు తీసేసి.