ట్యూనా తలల పొడి రొయ్యలకు మంచిదేనా?

ప్రశ్న: ఆకివీడు దగ్గర ఆరెకరాల్లో వెనామీ వేస్తున్నాను. ఈ పంటకి డీలరు కొత్త మేత తెచ్చాడు. కిలోకి ఆరు రూపాయలు తక్కువ. అందులో థాయ్‌లాండ్ ట్యూనా ఫిష్‌మీల్ (చేపపొడి) కలిపారట. మా బావమరిదేమో ‘డబ్బా ఫ్యాక్టరీలో పారేసిన తలలూ పేగులూ ఎండబెట్టి మనకి అంటగడుతున్నారు’ అంటున్నాడు. వాడొచ్చా, వద్దా?
– ఒక రొయ్య రైతు

జవాబు: తలలూ పేగులూ అన్నమాట నిజమే. పారేసినవి అన్నమాట మాత్రం నిజం కాదు. బ్యాంకాక్ పక్కనే సముత్ సఖోన్‌లో (అక్కడివాళ్లు మహాచాయ్ అంటారు) ఒక ట్యూనా ఫ్యాక్టరీని ఆనుకుని ఉన్న ఫిష్‌మీల్ ప్లాంటులో తొమ్మిదేళ్లు కెమిస్టుగా చేశాను. ఆ తలల మధ్యే బతికాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

డబ్బాల్లోకి వెళ్లేది ఎక్కువగా స్కిప్‌జాక్ అనే చిన్నరకం ట్యూనా. గడ్డకట్టి వచ్చిన చేపని నీళ్లలో కరిగించి, పొట్ట చీల్చి, పేగులు తీసేస్తారు. తర్వాత ఆవిరి మీద ఉడికించి చల్లారుస్తారు. అప్పుడు పొడవాటి బల్లల ముందు వరసగా నిలబడ్డ ఆడవాళ్లు తల విరిచి, చర్మం ఒలిచి, ముల్లు లాగి, ఎర్రకండ గీకేస్తారు. వాళ్లలో చాలామంది బర్మా నుంచి వచ్చినవాళ్లు. తెల్లకండ డబ్బాకి, ఎర్రకండ పిల్లుల మేతకి పోతుంది. మిగిలిందంతా మా వైపు వచ్చేది. చేప బరువులో దాదాపు సగం డబ్బా ఎక్కదని అక్కడికి వెళ్లేదాకా నాకూ తెలియదు.

మా దగ్గర దాన్ని నలగ్గొట్టి, ఆవిరితో మళ్లీ వేడిచేసి, స్క్రూ ప్రెస్సులో పిండేవాళ్లం. పిండగా మిగిలిన ముద్దని గుప్పిట్లో నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీరు రాకూడదు, చెయ్యి తెరిస్తే ముద్ద విరిగిపోవాలి. మీటర్లన్నీ ఉన్నా మా షిఫ్టు మేస్త్రీ రోజూ ఇలాగే చూసేవాడు. కారిన రసాన్ని సెంట్రిఫ్యూజులో తిప్పితే నూనె ఒకవైపు, జిగురు నీళ్లు ఒకవైపు విడిపోతాయి. ఆ నీళ్లని మరిగించి చిక్కబరిచి మళ్లీ ముద్దలో కలపాలి. రొయ్యని మేత దగ్గరకి లాగే రుచంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. ఖర్చుకి వెరచి దాన్ని కాలవలోకి వదిలేసే ప్లాంటు పొడి చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే పళ్లెంలో) మేత మిగిలిపోతుంది. ఆఖరికి ఆరబెట్టి, చల్లార్చి, మర పట్టేవాళ్లం. వంద కిలోల తలలూ ముళ్లూ వేస్తే ఇరవై, ఇరవై అయిదు కిలోల పొడి చేతికొచ్చేది.

ఇక అసలు సంగతి. ఈ పొడి మంచిచెడ్డలు యంత్రం దగ్గర తేలవు, గంటల దగ్గర తేలతాయి. ట్యూనా కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లో ఒక ముక్క) బాగా ఎక్కువ. చేప వేడిలో పడుంటే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్ అనే చెడు పదార్థంగా మారుస్తాయి. ఒకసారి తయారైందా, ఉడికించినా, ఆరబెట్టినా పోదు. పచ్చి పేగులు ఇంకా త్వరగా పాడవుతాయి.

ఒక ఏప్రిల్లో, సోంగ్‌క్రాన్ పండగ ముందురోజు, మా బాయిలరు ఆగిపోయింది. నాలుగు లారీల సరుకు ఎండలో సాయంత్రం దాకా నిలబడిపోయింది. మర్నాడు పొడి అయితే వచ్చింది. రంగు బాగుంది, ప్రొటీన్ బాగుంది, వాసన కూడా ఫర్వాలేదు. హిస్టమిన్ మాత్రం రెండువేల పీపీఎం (కిలోకి మిల్లీగ్రాములు) దాటింది. పెరూ, చిలీ సరుకులో మేలురకానికి 500 లోపు ఉండాలి, దాని తర్వాతి రకానికి 1000 లోపు. నేను సంతకం పెట్టనన్నాను. పెట్టలేదు కూడా. కానీ ఆ లాటుని మంచి సరుకులో కొంచెం కొంచెంగా కలిపి పంపించేశారు. ఏ చెరువులో పడిందో నాకు తెలియదు. ఇప్పటికీ అది మనసులో గుచ్చుతూనే ఉంటుంది. మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం కూడా అదే.

ఇంకో ప్రమాదం మాడ్చడం. నేరుగా మంట తగిలే డ్రయ్యరులో పొడి అతిగా వేడెక్కితే హిస్టిడిన్, లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం కలిసి గిజరోసిన్ అనే విషం పుడుతుంది. దానితో కోళ్లకి కందనకాయ పుండుపడి నల్లటి వాంతులవుతాయి. మీ ఊళ్లో కోళ్ల ఫారాలవాళ్లుంటే వాళ్లకీ చెప్పండి.

సరే, మీ చెరువు సంగతికొద్దాం. మన మిల్లులకి మంగళూరు, ఉడుపి వైపు నుంచి వచ్చే నూనెకవళ్ల (సార్డిన్ చేపల) పొడి మొత్తం చేపతో చేసింది. ట్యూనా పొడిలో తలలూ ముళ్లే ఎక్కువ. అందుకే బూడిద (కాల్చితే మిగిలే ఖనిజాల) శాతం ఇరవై దాటుతుంది, ప్రొటీన్ యాభై అయిదు, అరవై మధ్య ఉంటుంది. ఆ ముళ్లలోని భాస్వరాన్ని రొయ్య పూర్తిగా అరిగించుకోలేదు. మిగిలింది నీళ్లలోకీ అడుగుమట్టిలోకీ చేరి నాచుని పెంచుతుంది. కాబట్టి మేతలో చేపపొడి మొత్తం ట్యూనాదే అయితే నేను వద్దంటాను. కవళ్ల పొడితో కలిపి కొంత వాడితే తప్పులేదు.

డీలరుని ప్రొటీన్ శాతం అడిగి ఊరుకోకండి. యూరియా కలిపినా ఆ అంకె పెరుగుతుంది. మిల్లువాళ్లు కొన్న ఫిష్‌మీల్ లాటు రిపోర్టులో బూడిద, టీవీబీఎన్ (చేప ఎంత చెడిందో చూపే అంకె), హిస్టమిన్ ఎంతో అడగండి. ఇవ్వనంటే ఆరు రూపాయల తగ్గింపు వదులుకోండి. ఇస్తే, ముందు ఒక్క చెరువులోనే ఇరవై రోజులు వాడి, చెక్ ట్రేలూ అడుగుమట్టీ పక్క చెరువుతో పోల్చి చూడండి.

కొనే బస్తా గురించి ఒక మాట. చేపపొడిలో నూనె గాలి తగిలి దానంతట అదే వేడెక్కుతుంది. ఓడల్లో నిప్పంటుకున్న సందర్భాలున్నాయి కాబట్టే మామూలుగా యాంటీఆక్సిడెంట్ (నూనె ముక్కకుండా ఆపే మందు) కలిపాకే ఎక్కిస్తారు. మా గోదాములో పొద్దున్నే దొంతర మధ్యకి ఇనుప ఊచ దిగేసి, కాసేపుంచి లాగి, మణికట్టుకి ఆనించి చూసేవాళ్లం. తయారైన మేతలో ఆ నూనె తక్కువే అయినా ముక్కిపోవడం మాత్రం తప్పదు. రేకుల షెడ్డులో గోడకి ఆనించి పెట్టకండి.

ప్రశ్న: మా పాప పాలపొడి డబ్బా మీద ‘ట్యూనా నూనె’ అని ఉంది. ఇదీ ఆ తలల నుంచి తీసిందేనా? భయంగా ఉంది.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: తలల నుంచే తీస్తారమ్మా, అందులో భయపడాల్సింది లేదు. ట్యూనా తలలో, ముఖ్యంగా కంటిగుంటల చుట్టూ ఉండే కొవ్వులో, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు చాలా ఎక్కువ. నూనెలో అది పాతిక శాతం దాకా ఉంటే ఈపీఏ అనే ఇంకో ఒమేగా-3 కొవ్వు ఆరేడు శాతమే. పసిపిల్లల పాలపొడికి కావలసింది కూడా డీహెచ్ఏనే. అందుకే ఈ నూనెని ఎంచుకుంటారు. అయితే మా ప్లాంటులో వచ్చినలాంటి ముదురు గోధుమరంగు నూనె మేతకే పోతుంది. తినే నూనె కోసం తలల్ని వేరుగా తీసి, చల్లగా ఉంచి, అదేరోజు ఆడతారు. తర్వాత ఆమ్లాలు తీసేసి, రంగు విరిచే మట్టితో వడకట్టి, శూన్యంలో ఆవిరి పట్టి వాసన పోగొడతారు. ట్యూనాలో ఉండే పాదరసం ప్రొటీన్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది, నూనెలోకి పెద్దగా రాదు. డబ్బా తెరిచాక మూత బిగించి, దానిమీద రాసిన గడువులోపే వాడేయండి. పాలపొడికి ముక్కిన చేపవాసన వస్తే పాపకి పట్టకండి.